మూడు గంటల్లో పదకొండు నిమిషాలు

తన ఆటను ప్రేమించేవాడు మామూలు అభిమాని. ఎదుటివాడి ఆటను నిష్ఠగా ద్వేషించేవాడే అసలైన భక్తుడు. ఈ రెండో తెగకు మేలైన నమూనాలు అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల్లోనూ, భూగోళంలో అత్యధిక భాగం ఫుట్‌బాల్ అనీ అమెరికా సాకర్ అనీ పిలిచే ఆట అభిమానుల్లోనూ పుష్కలంగా దొరుకుతాయి. సగం తగవు పేరు దగ్గరే ఉంది కనుక, తక్కిన సగానికి చోటు మిగలాలన్న ఉద్దేశంతో ఇక్కడ గుండ్రటి బంతి ఆటను సాకర్ అనీ, కోలబంతి ఆటను అమెరికన్ ఫుట్‌బాల్ అనీ వ్యవహరించడం జరిగింది. ఈ ఇరుపక్షాలు పరస్పరం చేసుకునే అభియోగాలను ఓపికగా విచారించినవారికి తేలే విచిత్రమేమిటంటే, వాటిలో అబద్ధమన్నది దాదాపు లేదు. కాకపోతే ప్రతి అభియోగమూ మోపినవాడి ఇంటికే ముందుగా వర్తిస్తుంది.

పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే ఈ రెండు ఆటలూ దాయాదులు, కాబట్టే దాయాదులకు ఉండవలసినంత వైరమూ ఉంది. 1863లో లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కొన్ని క్లబ్బులవారు సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను స్థాపించినప్పుడు, బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చునా, ప్రత్యర్థి ముంగాలి ఎముక మీద తన్నవచ్చునా అనే రెండు గహనమైన ప్రశ్నలు తలెత్తాయి. తన్నుల్ని నిషేధిస్తే ఆటలో పౌరుషం చచ్చిపోతుందని వాదించిన పక్షానికి చెందిన బ్లాక్‌హీత్ క్లబ్బు అలిగి బయటికి నడిచి, 1871లో రగ్బీ సంఘం ఏర్పడినప్పుడు అందులో చేరింది. అటు అమెరికాలో 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య న్యూజెర్సీలో జరిగిన పోటీని అమెరికన్ ఫుట్‌బాల్ తన జన్మదినంగా చెప్పుకుంటుంది గాని, ఆ రోజు జట్టుకు ఇరవై అయిదుగురు చొప్పున మైదానంలో దిగి గుండ్రటి బంతినే తన్నారు, దాన్ని చేతబట్టి పరుగెత్తడం నిషిద్ధం. సాకర్‌ను చూసి ముక్కు విరిచే దేశభక్తుడు ఏటా జరుపుకునే పుట్టినరోజు నిజానికి సాకర్ లాంటి ఆటదే అన్నమాట. తరువాత హార్వర్డ్ కళాశాల రగ్బీ వైపు మొగ్గడం, యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్ 1880లో జట్లు ఎదురెదురుగా నిలిచే గీతనూ 1882లో డౌన్ పద్ధతినీ తీసుకురావడంతో ఆట రూపు మారింది. డౌన్ అంటే బంతి చేతిలో ఉన్న జట్టుకు దక్కే ఒక అవకాశం. నేటి నియమం ప్రకారం నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకు పోలేని జట్టు బంతిని ఎదుటివారికి అప్పగించాలి. ప్రతి అవకాశానికి ముందూ ఆటగాళ్లు గుమిగూడి మంతనాలాడతారు, ఈల మోగేలోపు ఒకరిమీద ఒకరు పడతారు, లేచి దులుపుకుని మళ్లీ మంతనాలకు పోతారు.

సాకర్ అభిమాని మోపే మొదటి అభియోగం ఈ మంతనాల గురించే. గడియారం లెక్కన అరవై నిమిషాలు ఆడవలసిన పోటీ టీవీలో మూడు గంటలు దాటుతుంది. 2010లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక కొన్ని ప్రసారాలను కొలిచి చూడగా బంతి నిజంగా కదలికలో ఉన్న సమయం దాదాపు పదకొండు నిమిషాలని తేలింది. మిగిలిన సమయంలో ఆటగాళ్లు నిలబడి ఉంటారు, ప్రత్యర్థి తన పెదవులు చదువుతాడేమోనన్న భయంతో కోచ్ పెద్ద అట్టముక్క నోటికి అడ్డుపెట్టుకుని మాట్లాడతాడు, అయిపోయినదాన్ని అయిదు కోణాల్లో మళ్లీ చూపిస్తారు, నడుమ ట్రక్కులూ బీర్లూ బీమా పాలసీలూ వచ్చిపోతుంటాయి. ఇంత తీరిక చాలదన్నట్టు ప్రతి అర్ధభాగం చివరా టూ మినిట్ వార్నింగ్ అని మరో విరామం ఉంది. రిఫరీ దగ్గరి గడియారమే ప్రమాణంగా ఉన్న రోజుల్లో ఇంకా రెండు నిమిషాలే మిగిలాయని జట్లకు చెప్పడానికి పుట్టిన ఆచారమిది. స్టేడియం నలుమూలలా క్షణాలతో సహా గడియారాలు వెలుగుతున్న ఈ కాలంలో హెచ్చరించడానికి ఏమీ లేకపోయినా, ప్రకటనలు మాత్రం ఉన్నాయి కాబట్టి ఆచారం చెక్కు చెదరలేదు.

అయితే సాకర్ గడియారం సంగతి ఇంతకన్నా మార్మికమైనది. తొంభై నిమిషాల పోటీల్లో చాలావాటిలో బంతి నికరంగా ఆటలో ఉండేది గంట కూడా కాదు. ఒక గోలు ఆధిక్యంలో ఉన్న జట్టు గోల్‌కీపర్ ఎనభై అయిదో నిమిషంలో గోల్‌కిక్ తీసుకునే తీరును దగ్గరగా గమనించినవారికి ఇది తెలియనిది కాదు: ముందు బంతిని కుడివైపు పెడతాడు, నేల బాగాలేదని తేల్చుకుని ఎడమవైపుకు మారుస్తాడు, బూటు అడుగున అంటిన మట్టిని గోల్‌పోస్టుకు కొట్టి రాలుస్తాడు, నాలుగడుగులు వెనక్కి వేస్తాడు, ఏదో మరిచినట్టు మళ్లీ ముందుకొచ్చి బంతిని ముట్టుకుంటాడు. ఇలా పోయిన కాలాన్ని చివర్లో కలుపుతారు. ఎంత కలపాలో నాలుగో అధికారి వెలిగే పలక మీద చూపినా అది కనీస పరిమితి మాత్రమే, ఆట ఎప్పుడు ముగుస్తుందో స్టేడియంలోని వేలాదిమందిలో రిఫరీ ఒక్కడికే తెలుసు. అమెరికన్ ప్రేక్షకుడికి ఇది మింగుడుపడలేదు. అందుకే 1996లో మొదలైన మేజర్ లీగ్ సాకర్ తొలి సీజన్లలో గడియారాన్ని నలభై అయిదు నుంచి సున్నాకు వెనక్కి నడిపించింది; పాతకాపులైన అభిమానులు దీన్ని అపచారంగా భావించారు, కొత్తవారు దానికోసం ప్రత్యేకంగా రాలేదు, నాలుగు సీజన్లు గడిచాక గడియారం బుద్ధిగా మళ్లీ ముందుకు నడవసాగింది. అయిదు రోజులు చూసి డ్రాగా ముగిసిన టెస్టు మ్యాచ్‌ను ఉత్కంఠభరితమని పొగిడిన తెలుగు పాఠకుడు ఈ విసుగు వ్యాజ్యంలో తటస్థ సాక్షిగా పనికిరాడు గాని, రెండు పక్షాల బాధనూ అర్థం చేసుకోగలడు.

ఇంతకీ ఆ పదకొండు నిమిషాలను అమెరికా ఎంత గట్టిగా పట్టుకుని కూర్చుంటుందో 1968 నవంబరు 17న రుజువైంది. న్యూయార్క్ జెట్స్, ఓక్లండ్ రైడర్స్ పోటీలో నిమిషం పైచిలుకు ఆట మిగిలి ఉండగా ఎన్‌బీసీ సంస్థ ప్రసారం ఆపి, ముందే ప్రకటించిన ‘హైడీ’ అనే పిల్లల చిత్రాన్ని వేసింది. అప్పటికి వెనకబడి ఉన్న రైడర్స్ ఆ మిగిలిన నిమిషంలోనే రెండు టచ్‌డౌన్లు చేసి 43-32తో గెలిచింది. ఆల్ప్స్ కొండల్లో మేకల వెంట తిరిగే ఆ చిత్రంలోని అమాయకపు పాప మీద దేశంలోని సగం మంది పెద్దలు పళ్లు నూరుతూ చేసిన ఫోన్లకు న్యూయార్క్‌లోని ఎన్‌బీసీ టెలిఫోన్ స్విచ్‌బోర్డు చేతులెత్తేసింది.

రెండో అభియోగం సున్నా గురించి. గంటన్నర పరుగెత్తి చివరికి 0-0తో చేతులు కలుపుకుని పోయే ఆట ఏమి ఆట అని అమెరికన్ అభిమాని ప్రశ్న. అతని ఆటలో స్కోర్లు ఘనంగా కనిపించడానికి కారణం లెక్కల పద్ధతి: టచ్‌డౌన్, అంటే బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం, ఒక్కదానికి ఆరు పాయింట్లు, ఆపై తన్నే అదనపు తన్నుకు ఇంకొకటి. 21-14 అన్న మహాసంగ్రామంలోంచి ఈ గుణకారాన్ని తీసేస్తే మిగిలేది 3-2. సాకర్ కూడా గోలుకు ఏడు పాయింట్లు ఇస్తే ఈ సమస్య సాయంత్రానికల్లా తీరిపోతుంది. ఇక డ్రా అంటే అమెరికన్‌కు ఎంత అపరిచితమో చెప్పడానికి 2008లో ఫిలడెల్ఫియా ఈగిల్స్, సిన్సినాటి బెంగాల్స్ పోటీ 13-13తో ముగిశాక జరిగిన ఉదంతం చాలు: పదేళ్లుగా వృత్తిరీత్యా ఆడుతున్న ఈగిల్స్ క్వార్టర్‌బ్యాక్ డొనోవన్ మెక్‌నాబ్, పోటీ సమంగా ముగియవచ్చన్న నియమం తనకు ఇంతవరకూ తెలియదని విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టు వ్యూహమంతా తలలో పెట్టుకుని నడిపించే ఆటగాడు. విధి కూడా హాస్యప్రియురాలే కాబట్టి, 1994లో ప్రపంచకప్ మొదటిసారి అమెరికాకు వచ్చినప్పుడు సగటున పోటీకి 68,000 మందికి పైగా తరలివచ్చి రికార్డు నెలకొల్పితే, రోజ్ బౌల్ స్టేడియంలో బ్రెజిల్, ఇటలీ ఫైనల్ నూట ఇరవై నిమిషాలు ఆడి 0-0గా మిగిలి, ప్రపంచకప్ చరిత్రలో పెనాల్టీ తన్నులతో తేలిన తొలి ఫైనల్‌గా నమోదైంది.

అన్నిటిలోకీ ఘనమైన అభియోగం మాత్రం రాజకీయమైనది. ఆ ప్రపంచకప్‌ను అమెరికాలో జరిపించడానికి మద్దతు తెలిపే తీర్మానం 1986లో ప్రతినిధుల సభ ముందుకు వచ్చినప్పుడు, ఒకప్పుడు బఫెలో బిల్స్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి తరువాత న్యూయార్క్ రాష్ట్రం నుంచి సభ్యుడైన జాక్ కెంప్ లేచి, అమెరికన్ ఫుట్‌బాల్ ప్రజాస్వామ్య పెట్టుబడిదారీ విధానమనీ, సాకర్ ఐరోపా సోషలిజమనీ, యువతరం ఈ తేడా తెలుసుకోవాలనీ హెచ్చరించాడు. సరదాకే అన్నానని తరువాత చెప్పుకున్నా, ఆ మాటను సరదాగా తీసుకోనివారు ఆ దేశంలో చాలామందే మిగిలిపోయారు. కెంప్ పొగిడిన పెట్టుబడిదారీ ఆట నడిచే తీరు చూస్తే కార్ల్ మార్క్స్ కళ్లు చెమర్చేవి. జాతీయ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్, దేశవ్యాప్త టీవీ ప్రసారాల ఆదాయాన్ని ముప్పై రెండు జట్లకూ సమానంగా పంచుతుంది; 1994 నుంచి జీతాలకు పరిమితి పెట్టి ఏ జట్టూ డబ్బు వెదజల్లి అందరినీ కొనేయకుండా చూస్తుంది; 1936 నుంచి అమల్లో ఉన్న డ్రాఫ్ట్ పద్ధతిలో, కళాశాలల నుంచి కొత్తగా వచ్చే ఆటగాళ్లను ఎంచుకునే తొలి అవకాశం గత ఏడాది అట్టడుగున నిలిచిన జట్టుకే దక్కుతుంది. ఎంత ఘోరంగా ఓడినా లీగ్‌లోంచి వెళ్లగొట్టరు. ఓటమికి రేషన్ కార్డు ఇచ్చే ఈ సంక్షేమ రాజ్యంలో, జనాభా లక్ష పైచిలుకు మాత్రమే ఉన్న గ్రీన్ బే పట్టణపు ప్యాకర్స్ జట్టుకు అయిదు లక్షలకు పైగా వాటాదారులున్నారు. 2021 చివర్లో జట్టు మరో విడత వాటాలను ఒక్కోటి 300 డాలర్లకు అమ్మింది. ఆ వాటా మీద లాభాంశం రాదు, విలువ పెరగదు, మార్కెట్లో అమ్ముకోవడానికి వీల్లేదు. ఈ సంగతులన్నీ అమ్మకందారే ముందుగా చెప్పినా జనం ఎగబడి కొని, ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీసుకున్నారు.

సోషలిస్టు ఐరోపాలో మాత్రం దయాదాక్షిణ్యాలు లేవు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో చివరి మూడు స్థానాల్లో నిలిచిన జట్లను ఏటా కింది లీగ్‌కు దించేస్తారు, దాంతో టీవీ ఆదాయం కూలిపోతుంది, మంచి ఆటగాళ్లు వలసపోతారు. 2016లో ప్రపంచాన్ని నివ్వెరపరచి విజేతగా నిలిచిన లెస్టర్ సిటీ ఏడేళ్లకే ఇలా కిందికి దిగింది. ఈ క్రూరత్వాన్ని తట్టుకోలేని పన్నెండు పెద్ద క్లబ్బులు 2021 ఏప్రిల్‌లో ఒక్కటై, వ్యవస్థాపక జట్లకు దిగజారే భయం లేని సూపర్ లీగ్‌ను ప్రకటించాయి. వాటిలో కొన్నింటి యజమానులు అమెరికన్లే కావడం యాదృచ్ఛికం కాదు. దానికి ఇంగ్లండ్ అభిమానులు బ్యానర్లు పట్టుకుని వీధికెక్కి, తమ జట్టుకు చిత్తుగా ఓడి దిగజారిపోయే హక్కును ఎవరూ లాక్కోకూడదని గర్జించగా, రెండు రోజుల్లో ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ తోక ముడిచాయి. స్వేచ్ఛా విపణి కోసం ఇంత ఆవేశంగా జరిగిన ప్రదర్శనను వాల్‌స్ట్రీట్ కూడా చూసి ఉండదు.

దెబ్బ తగిలినట్టు నటించి కింద పడడాన్ని గురించిన తగవును త్వరగా ముగించవచ్చు. 2018 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ దొర్లిన దొర్లుడును గుర్తుచేసి నవ్వే అమెరికన్, తన జట్టు పంటర్‌ను, అంటే నాలుగో అవకాశంలో బంతిని దూరంగా తన్నిపారేసే ఆటగాడిని, ప్రత్యర్థి వేలు తగిలిందో లేదో తెలియని స్థితిలో కూలిపోయినప్పుడు చూడనట్టే నటిస్తాడు. నిజంగా పడేవారి సంగతి మాత్రం నవ్వుకు లొంగేది కాదు. 2005లో వైద్యుడు బెనెట్ ఒమాలు, చనిపోయిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడులో పదే పదే తగిలిన దెబ్బల వల్ల వచ్చిన జబ్బును కనుగొని ప్రకటించాక, దెబ్బను ఓర్చుకోవడమే గొప్పతనమన్న మాట అమెరికాలోనూ కాస్త మెల్లగా అంటున్నారు.

ఈ వైరానికి తెలుగువారు సరిహద్దు గ్రామస్థులుగా జీవించే చోటొకటి ఉంది. టెక్సస్‌లో తెలుగు కుటుంబాలు దండిగా స్థిరపడిన ఫ్రిస్కో నగరంలోనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయమూ, ఎఫ్‌సీ డాలస్ సాకర్ స్టేడియమూ, జాతీయ సాకర్ హాల్ ఆఫ్ ఫేమూ ఉన్నాయి. తలకు దెబ్బ తగలదన్న ధీమాతో పిల్లవాణ్ణి చిన్నప్పుడే సాకర్‌లో చేర్పించి, శనివారం ఉదయాలు మడత కుర్చీల్లో కూర్చుని కాపలా కాసిన తల్లిదండ్రులు, వాడు హైస్కూలు బ్యాండ్‌లో క్లారినెట్ పట్టాక, ఆ బ్యాండ్ వాయించే శుక్రవారం రాత్రుళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ చూడక తప్పని స్థితికి చేరుకుంటారు. “ఆ పసుపు గుడ్డ ఎందుకు విసిరాడ్రా?” అని తండ్రి అడిగితే, “తప్పు చేశారు నాన్నా, అది ఫ్లాగు” అని కొడుకు చెబుతాడు, ఎవరు చేశారు, ఏం చేశారు అన్న అనుబంధ ప్రశ్నలకు జవాబు పూర్తయ్యేలోపు ఇంకో గుడ్డ పడుతుంది.

అధికార వర్గాలు ఈలోగా సంధి దారిలో చాలా దూరం వెళ్లాయి. 2026 ప్రపంచకప్‌లో వాతావరణం ఎలా ఉన్నా సరే ప్రతి అర్ధభాగంలోనూ మూడు నిమిషాల నీటి విరామం ఉంటుందని ప్రపంచ సాకర్ సమాఖ్య ఫీఫా 2025 డిసెంబరులో ప్రకటించడంతో, రెండు భాగాల ఆట అమెరికన్ పద్ధతిలో నాలుగు ముక్కలైంది. ఆ టోర్నీ ఫైనల్‌కు కేటాయించిన మెట్‌లైఫ్ స్టేడియం జెయింట్స్, జెట్స్ అనే రెండు ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల సొంతిల్లు, అక్కడ పరిచి ఉండేది ప్లాస్టిక్ గడ్డి. మోకాళ్లు దెబ్బతింటున్నాయి, సహజమైన పచ్చిక వేయించండని ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నా చెవిన పెట్టని యజమానులు, ఫీఫా అడగగానే సాకర్ కోసం అసలైన పచ్చిక పరిపించడానికి ఒప్పుకున్నారు, అదీ కొద్ది వారాల ముచ్చటకు. దాంతో సాకర్ అంటే గిట్టని అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులు ఫీఫాను ఏమనాలో తోచక, తమ జట్టు యజమానులనే తిట్టుకుంటూ, ఆ గడ్డి పీకేయకుండా తమవాళ్లకూ ఉంచమని అడగడం మొదలుపెట్టారు.