పైకోర్టులో పునర్జన్మ

మా వీధి చివర ట్రెజరీలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. వరసకు ఏమీ కాకపోయినా బాబాయిగారూ అనే పిలుస్తాను. భగవద్గీత చదివారో లేదో తెలియదుగానీ, పెన్షన్ రూల్సు మాత్రం ముప్పైమూడేళ్లు పారాయణం చేశారు. ఆత్మకు చావు లేదంటే ఒప్పుకుంటారు. సర్వీసుకు లేదంటే మాత్రం ఒప్పుకోరు.

మొన్న హైకోర్టు జడ్జీల పెన్షన్ గురించి పేపర్లో పడింది పట్టుకుని వెళ్లి, ఆయన అరుగు మీద కూర్చున్నాను.

"బాబాయిగారూ, ఒకాయన జూనియర్ సివిల్ జడ్జిగా చేరి, మెట్టూ మెట్టూ ఎక్కి జిల్లా జడ్జి అయ్యాడు. ముప్పై ఏళ్లయ్యాక హైకోర్టుకు తీసుకున్నారు. అది ప్రమోషనే కదా?"

"కాదబ్బాయ్, నియామకం. రాష్ట్రపతి ఉత్తర్వు మీద జరిగేది. జిల్లా జడ్జి ఫైలు అక్కడితో మూసేస్తాం. కొత్త ఫైలు తెరుస్తాం."

"మనిషి ఒకడేగా?"

"మనిషితో నాకేం పని? సర్వీసు రిజిస్టర్ సంగతి చెప్పు."

ఆ పునర్జన్మ వల్ల మనిషికి కలిగే ఐహిక సుఖం ఎంతో లెక్క చూద్దాం. జస్టిస్ పి. వెంకటరామిరెడ్డి, మనవారే, అధ్యక్షుడిగా వేసిన రెండో న్యాయ వేతన సంఘం సిఫారసుల ప్రకారం సూపర్ టైమ్ స్కేలు జిల్లా జడ్జి మూలవేతనం చివరి మెట్టు 2,24,100 రూపాయలు. హైకోర్టు జడ్జి జీతం 2,25,000. తేడా అక్షరాలా తొమ్మిది వందలు. కారుకూ బంగళాకూ గౌరవానికీ తేడా ఉంటుంది, కాదనను. జీతం మట్టుకు తొమ్మిది వందలే.

ఆ తొమ్మిది వందల కోసం వైతరణి దాటాలి. ఎందుకంటే జిల్లా జడ్జికి జీతమూ పెన్షనూ రాష్ట్ర ఖజానా నుంచే వస్తాయి. హైకోర్టు జడ్జికి జీతం రాష్ట్ర ఖజానా ఇస్తుంది, పెన్షన్ కేంద్ర ఖజానా ఇస్తుంది. పెంచింది ఒకరు, పెట్టాల్సింది ఇంకొకరు. ఇక ఆ పెట్టేవాడు ఊరుకుంటాడా? "ఇంతకీ ఈ బిడ్డ పుట్టిందెక్కడ?" అని కూపీ తీస్తాడు. 1954 నాటి హైకోర్టు జడ్జీల చట్టం ఆ కూపీకి వీలుగా షెడ్యూలు కూడా కట్టిపెట్టింది. నల్లకోటుతో బార్ నుంచి నేరుగా వచ్చినవారు ఒక భాగంలో, అంతకుముందే పెన్షన్ వచ్చే కొలువులో ఉన్నవారు మరో భాగంలో. బల్ల ఒకటే, పంక్తులు రెండు.

జిల్లా కోర్టు నుంచి వచ్చేవారు హైకోర్టు గుమ్మం తొక్కేసరికి అరవై దగ్గరపడుతుంది. హైకోర్టులో రిటైర్మెంటు అరవై రెండుకి. చాలామందికి మిగిలేది కొద్ది ఏళ్లే. ఒక్కోసారి జిల్లా జడ్జిగా రిటైరైపోయి ఇంట్లో కూర్చున్నాక హైకోర్టు ఉత్తర్వు వస్తుంది. ఇక్కడే బాబాయిగారి కళ్లు మెరుస్తాయి.

"బ్రేక్ ఇన్ సర్వీసు!" అన్నారు, పేకాటలో జోకరు తగిలినవాడిలా.

"ఉత్తర్వు ఆలస్యమైతే అది ఆయన తప్పా బాబాయిగారూ?"

"తప్పెవరిదని రూల్లో కాలమ్ ఉండదబ్బాయ్. తేదీలకే ఉంటుంది."

పంజాబ్-హర్యానా హైకోర్టులో చేసిన జస్టిస్ రాజ్ రాహుల్ గర్గ్ ఈ తేదీల కాలమ్‌లోనే చిక్కుకున్నారు. జిల్లా జడ్జిగా రిటైరయ్యాక కొద్దిపాటి ఎడంతో హైకోర్టు జడ్జి అయ్యారు. ఆ ఎడాన్ని పట్టుకుని వాదించడానికి కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా నడిచింది. కింది కోర్టు సర్వీసు కలిపి, హైకోర్టు జీతం మీద పెన్షన్ కట్టమని 2024 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చివర్లో, రిటైరైన హైకోర్టు జడ్జీల్లో కొందరికి నెలకు 10,000 నుంచి 15,000 వస్తోందని విని అదే కోర్టు నొచ్చుకుంది.

ఇందులో నాకు మహా నచ్చిన ఘట్టం వేరే ఉంది. వకీలుగా ఉండి నేరుగా జడ్జీలైనవారికి సర్వీసు తక్కువ పడుతోందని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసిన జస్టిస్ పి. రామకృష్ణంరాజు సుప్రీంకోర్టుకు వెళ్లారు. న్యాయమైన కేసే, 2014లో గెలిచారు కూడా. అప్పటినుంచి బార్‌లో ప్రాక్టీసు చేసిన కాలం పదేళ్ల మేర పెన్షన్ లెక్కలో కలుస్తోంది. అంటే సర్కారు కొలువు చేయని కాలం కలిసింది. అదే కాలంలో సర్కారు కుర్చీలో కూర్చుని, వాయిదాలు వేసి, సాక్ష్యాలు రాసి, బదిలీ అయిన ఊళ్లన్నీ తిరిగినాయనకు ఆ సర్వీసు కలపడానికి మళ్లీ ఇంకో పదేళ్లు కేసులు నడిచాయి. బాబాయిగారికి ఇది చెబితే కళ్లజోడు తీసి తుడుచుకుని, "చేయని సర్వీసులో బ్రేక్ ఎక్కడుంటుందిరా, అందుకే సులువుగా కలిసింది" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఇక పాట్నా. అక్కడి హైకోర్టులో ఏడుగురు జడ్జీలు జిల్లా న్యాయవ్యవస్థ నుంచి వచ్చారు. 2022 డిసెంబరులో వారి జీపీఎఫ్, అంటే భవిష్యనిధి, ఖాతాలు మూసెయ్యమని ఢిల్లీ నుంచి తాఖీదు వచ్చింది. కిందటి జన్మలో మీరు కొత్త పెన్షన్ స్కీములో ఉన్నారు కాబట్టి ఈ జన్మలో మీకు జీపీఎఫ్ లేదట! చూశారా చమత్కారం. సర్వీసు కలపమంటే పాత జన్మ గుర్తు లేదంటారు, కోత కొయ్యాలంటే అన్నీ గుర్తొస్తాయి. జడ్జీల ఖాతాలు మూసేశారని వినగానే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా ఉలిక్కిపడ్డారు.

అదే పాట్నా హైకోర్టుకు 2023 నవంబరులో జస్టిస్ రుద్రప్రకాశ్ మిశ్రా వచ్చారు. ఆయనకు జీపీఎఫ్ నంబరే ఇవ్వలేదు. నంబరు లేదు కాబట్టి బిల్లు లేదు, బిల్లు లేదు కాబట్టి జీతం లేదు. నవమాసాలు నిండవచ్చినా జీతం పుట్టలేదు. చివరికి తాత్కాలిక ఖాతా ఒకటి తెరిచి జీతం ఇవ్వండని 2024లో సుప్రీంకోర్టు మంత్రసాని పని చేయాల్సి వచ్చింది.

"నంబరు లేకుండా ఏ ట్రెజరీ పాస్ చేస్తుంది? నేనైనా అబ్జెక్షన్ వేసి తిప్పి పంపేవాణ్ణి" అన్నారు బాబాయిగారు గర్వంగా. హైకోర్టు జడ్జి బిల్లును తిప్పి పంపే అవకాశం తన సర్వీసులో రాలేదనే బెంగ ఆ గొంతులో లీలగా వినిపించింది.

2025 మే 19న సుప్రీంకోర్టులో జస్టిస్ గవాయ్ ధర్మాసనం ఈ సంతంతా ఒక్క దెబ్బతో తేల్చింది. హైకోర్టు జడ్జిగా రిటైరైతే ఏడాదికి 13,50,000 పూర్తి పెన్షన్, చీఫ్ జస్టిస్‌గా అయితే 15,00,000. బార్ నుంచి వచ్చారా, జిల్లా కోర్టు నుంచి వచ్చారా, ఎప్పుడు వచ్చారు, ఎన్నేళ్లు చేశారు, మధ్యలో ఎడం ఉందా, శాశ్వతమా అదనమా అనేవి అడగకూడదు. కొత్త పెన్షన్ స్కీములో కోసిన డబ్బు ఎవరిది వారికి రాష్ట్రాలు తిరిగివ్వాలి. ఏరుల పుట్టుక, ఋషుల పుట్టుక అడగరాదని పెద్దలంటారు. ఆ జాబితాలో ఇప్పుడు హైకోర్టు జడ్జీల పుట్టుక కూడా చేరింది.

తీర్పు మంచిదే. ఇందులో నేను వెక్కిరించేదేమీ లేదు. ముప్పై ఏళ్లు న్యాయం చెప్పినాయన తన పెన్షన్ కోసం తానే ఫిర్యాదీగా నిలబడటం ఎవరికి మాత్రం ముద్దు? నాకు తోచిందల్లా ఇంకొకటి. రూలు కరిస్తే ఎలా ఉంటుందో కోర్టుకు ఈసారి సొంత ఒంటి మీద తెలిసింది, వెంటనే రూలు పళ్లు ఊడదీసింది. బయట వీధిలో ఆ రూలు ఇంకా నిండు పళ్లతోనే తిరుగుతోంది.

ఈ మాట అంటుండగానే బాబాయిగారి కోడలు బడి నుంచి వచ్చింది. టీచరమ్మ, డీఎస్సీ 2003 బ్యాచ్. నోటిఫికేషన్ 2003లో పడింది, పోస్టింగ్ 2005లో ఇచ్చారు. ఆ మధ్యలో 2004 సెప్టెంబరు 1 వచ్చి కూర్చుంది. ఆ తేదీ తర్వాత చేరినవారికి పాత పెన్షన్ లేదు, సీపీఎస్ అనే కొత్త పెన్షన్ స్కీమే. నెలనెలా జీతంలో పది శాతం కోత. ఆలస్యం చేసింది సర్కారు, తేదీ దాటింది ఆమె. గద్దెనెక్కిన వారంలో సీపీఎస్ రద్దు చేస్తామన్న వాగ్దానం ఆమె విన్నది, ఆ వారం అయిదేళ్లు సాగడమూ చూసింది. రద్దు స్థానంలో జీపీఎస్ అని ఇంకో మూడక్షరాలు వచ్చాయి. పెన్షన్ ఏదైనా అక్షరాలకు మాత్రం లోటు రానివ్వలేదు.

సంచి దించి, మా మాటలు కాసేపు విని అడిగింది. "మామయ్యగారూ, చేరిన తేదీ చూడకూడదని, సీపీఎస్ కోత కూడా వెనక్కివ్వాలని సుప్రీంకోర్టే చెప్పిందా?"

"చెప్పిందమ్మా. హైకోర్టు జడ్జీలకి."

"అయితే నన్నూ ఒక్కరోజుకి హైకోర్టు జడ్జిగా వేస్తే, ఈ ఇరవయ్యేళ్ల కోత తిరిగొస్తుందా?"

నేను నవ్వాను. బాబాయిగారు నవ్వలేదు. కళ్లు మూసుకుని ముప్పైమూడేళ్ల పారాయణాన్ని ఒకసారి మననం చేసుకున్నారు.

"రావచ్చు తల్లీ. కానీ అర్జీ మాత్రం త్రూ ప్రాపర్ ఛానెల్ పెట్టుకో. ఎంఈవో గారి ఫార్వార్డింగ్ లేకపోతే రాజీనామా కింద లెక్కేసి, ఉన్న సర్వీసు కూడా కొట్టేస్తారు."