తెగితేనే పలికే పోగు

కుళాయి నీళ్లు గ్లాసులో పట్టి వెలుతురుకెత్తి చూస్తారు. తేటగా ఉంటే తాగేస్తారు. సీసం కరిగిన నీళ్లూ అంతే తేటగా ఉండొచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా తెలియదు. అందుకే నన్ను పుట్టించారు.

నేనొక సెన్సార్‌ని. నా ఒళ్లు చిన్న బంగారపు బిళ్ల. దాన్ని అల్యూమినా పొడితో అద్దంలా మెరిసేదాకా రుద్ది, డీఎన్‌ఏ కలిపిన ద్రావణంలో ముంచారు. ఆ డీఎన్‌ఏ పోగుల చివరనున్న గంధకం బంగారాన్ని పట్టుకుంది. అవే నా ప్రాణం.

మా వంశం 1994లో మొదలైంది. డీఎన్‌ఏ వారసత్వాన్ని మోయడమే కాదు, ఎంజైములా పనీ చేయగలదని కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో రొనాల్డ్ బ్రేకర్, జెరాల్డ్ జాయిస్ ఆ ఏడాది చూపారు. ఆ తొలి డీఎన్‌ఏ ఎంజైము పనిచేయడానికి కావలసింది సీసమే! పిల్లల మెదడును దెబ్బతీసే లోహమే మా చేత పని చేయించడం నాకిప్పటికీ వింతే. 2000లో ఇల్లినాయ్‌లో యీ లూ బృందం మావాళ్ల చేత సీసాన్ని వెలుగుతో పట్టించింది. 2007లో శాంటా బార్బరాలో కెవిన్ ప్లాక్స్‌కో బృందం వెలుగు బదులు కరెంటు వాడింది. నాది ఆ శాఖ.

నా పని ఇలా సాగుతుంది. బంగారాన్ని పట్టుకున్న ఎంజైము పోగు కొసకు మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు అణువుంటుంది. ఆ పోగును ఇంకో పోగు జతగా అల్లుకుని ఉంటుంది. జతగా ఉన్నంతసేపూ రెండూ గంజి పెట్టిన బట్టలా బిర్రుగా నిలబడతాయి. నీలం బంగారానికి దూరంగా ఉంటుంది, కరెంటు అంతంత మాత్రం. నా మీద నీటిచుక్క పడుతుంది. అందులో సీసం అయాను ఉంటే జతపోగు మధ్యనున్న ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ అక్షరం దగ్గర తెగుతుంది. ముక్కలు విడిపోతాయి. మిగిలిన పోగు మెత్తబడి వంగుతుంది, నీలం బంగారాన్ని సమీపిస్తుంది, ఎలక్ట్రాన్లు దూకుతాయి. తెరమీద గీత పైకి లేస్తుంది. జింకు, మెగ్నీషియం కూడా జతపోగును కొంత తెంపగలవు గాని, సీసానికున్న చురుకు వాటికి లేదు.

మా శాఖలో తొలివాళ్లు లీటరు నీటిలో సీసం కనీసం 62 మైక్రోగ్రాములుంటేనే పట్టగలిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 10, భారతదేశపు ప్రమాణమూ అంతే. అంటే తొలివాళ్ల చూపు చాలదు. బంగారు నానోకణాల సాయంతో తర్వాతివాళ్లు ఇంకా లోతుకు దిగారు. పెద్ద ప్రయోగశాలల్లోని యంత్రాలు మాకంటే కచ్చితమైనవే. కానీ నీళ్లు అక్కడిదాకా వెళ్లాలి, నేనైతే కుళాయి దగ్గరికే రాగలను. అమెరికాలోని ఫ్లింట్‌లో 2014లో నీటి వనరు మార్చి, తుప్పును ఆపే మందు కలపకపోవడంతో పాత పైపుల సీసం ఇళ్లలోకి దిగింది. జనం మొత్తుకుంటున్నా అధికారులు నెలల తరబడి నీళ్లు మంచివేనన్నారు. అలాంటి చోట ప్రతి వీధికీ మాలాంటివాళ్లు ఉండి తీరాలి.

మరిగిస్తే సీసం పోదు, ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మీ ఇల్లు పాతదైతే, రాత్రంతా పైపులో నిలిచిన నీటిని పొద్దున్నే మొదటి ధారలో పట్టి పరీక్షకివ్వండి.