బెంగుళూరు యాత్రా సన్నాహము

కాశికి పోవు పూర్వులు వీలునామా వ్రాసి, బంధువులయొద్ద సెలవు పుచ్చుకొని, తిరిగివచ్చుట దైవాధీనమని బయలుదేరెడివారట. శనివారము దిగి ఆదివారము రాత్రి తిరుగు రైలెక్కవలసిన మా బెంగుళూరు ప్రయాణమునకు వీలునామా యొక్కటి తప్ప తక్కిన తంతులన్నియు జరిగినవి.

శేషాద్రి ఎక్స్‌ప్రెస్సులో మాకు బెర్తులు దొరికినవన్న వార్త రాజమహేంద్రవరమున మా వీథి మలుపు తిరుగకమునుపే, ఆ నగరమును చూచినవారును, చూచినవారిని చూచినవారును మా యరుగుపై కొలువుదీరిరి. అందొక పెద్దమనిషి, ఆ యూరు సముద్రమట్టమునకు మూడువేల అడుగుల ఎత్తున నున్నది గనుక నడివేసవిలోనైనను ఉన్నిశాలువా లేక అడుగుపెట్టరాదని ఖండితముగా సెలవిచ్చెను. ధర్మాంబుధియను చెరువున్నచోట నేడు మెజెస్టిక్ బస్టాండున్నదన్న సంగతి ఆయన శాలువాకు ఇంకను తెలియదు.

అసలు చిక్కు మా బావమరిదితో వచ్చినది. ఆయన చరిత్రోపాధ్యాయుడు; ఏ నగరమునైనను కాలక్రమమున జూచిననే చూచినట్లని ఆయన సిద్ధాంతము. కావున 1537లో కెంపేగౌడ మట్టికోట కట్టించిన పేటతో యాత్ర మొదలిడి, 1760లో హైదరాలీ వేయించిన లాల్‌బాగు తోటకుఁ బోయి, 1791లో ముగిసిన టిప్పు సుల్తాను వేసవి మహలుకై మరల పేటవైపునకు వచ్చి, 1870 నాటి కబ్బన్ పార్కు చేరి, అచ్చటినుండి 1889లో పునాది పడిన గాజుసౌధమునకై తిరిగి లాల్‌బాగునకే పరుగెత్తి, తుదకు 1956లో పూర్తియైన విధానసౌధను దర్శింపవలెనట! ఆ సౌధము కబ్బన్ పార్కు ప్రక్కనే యున్నదిగదా, తోట చూచినప్పుడే దానినిగూడ చూడరాదాయని నేను మనవిచేయగా, ఎనుబదియారేండ్లు ముందుగా పోవుట చరిత్రకు ద్రోహమని ఆయన కన్నెఱ్ఱజేసెను.

అంతవఱకు చిక్కుడుకాయలు గిల్లుచు వినుచున్న మా శ్రీమతి తలయెత్తి, "ఒరే తమ్ముడూ, వరసే ముఖ్యమైతే లాల్‌బాగులో మూడువందల కోట్ల ఏళ్లనాటి బండ ఉందటగా! దాన్ని చూడకుండా కెంపేగౌడ దగ్గరికెలా వెళ్తాంరా?" అనెను. లాల్‌బాగునకు మూడవ ప్రయాణము తప్పదని తేలి చరిత్రోపాధ్యాయుడు మంచినీళ్లడిగెను.

భోజనవిషయమున సభ రెండు పక్షములయ్యెను. ఒక పక్షము 1924లో వెలసిన ఎం.టి.ఆర్.ను, యుద్ధకాలమున బియ్యము కఱవైనప్పుడు అచ్చట పుట్టెనని ప్రతీతిగల రవ్వఇడ్లీని పట్టుకొనగా, రెండవది గాంధీబజారులో 1943 నాటి విద్యార్థిభవన్ దోసెకు ప్రాణమిచ్చెను. ఇంతటి పట్టుదల ఎన్నికలలో నేనెఱుగను.

తీర్పుకొఱకు, కెంపేగౌడ పేరిట నిలిచిన నాలుగు బురుజులకును చాలయావల సర్జాపుర రోడ్డున కాపురమున్న మా మేనల్లునికి ఫోను చేసితిమి. బావమరిది ఒక్కొక్క చోటికి ఎన్ని కిలోమీటర్లని అడుగబోవగా, వాడు నడుమనే త్రుంచి, "బాబాయ్, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ఎన్నింటికి బయల్దేరతారో మీరు చెప్పండి, ఎన్నింటికి చేరతారో సిల్కుబోర్డు కూడలి చెబుతుంది" అనెను.

ఈ మాటతో పటము మడిచి, పగ్గములు మా శ్రీమతికి అప్పగించితిమి. ఆమె శాసనము సులభము: మెజెస్టిక్‌లో ఆకుపచ్చ మార్గపు మెట్రో ఎక్కి నేషనల్ కాలేజీ స్టేషనులో దిగి, బసవనగుడిలో బసచేసి, ఆ ప్రాంతము దాటి పోకుండుట. ఏకశిలలో తొలిచిన నందీశ్వరుడు అచ్చటనే, దోసె అచ్చటనే, లాల్‌బాగు ఆ ప్రక్కనే, రవ్వఇడ్లీ లాల్‌బాగు చెంతనే. తోటలోని బండపై కెంపేగౌడ బురుజొకటి యున్నది గనుక బావమరిదికిని కొంత ఉపశాంతి. విధానసౌధమందురా, దానిని ఛాయాచిత్రములలో జూచితిమి; లోపల మనకు పనియు లేదు.

మేనల్లుడు నొచ్చుకొనునేమోయను శంకతో, "మీ ఇంటికి ఈసారికి రాలేమురా" అని నేను మెల్లగా చెప్పితిని. అవతల కొంతసేపు నిశ్శబ్దము. పిదప వాడు గొంతు తగ్గించి, "మీరు రానక్కర్లేదు మామయ్యా. ఆ బసలో నాకూ ఒక మంచం చెప్పించు. ఈ ఊరొచ్చి ఇన్నేళ్లయింది, లాల్‌బాగు ఇంకా చూళ్లేదు" అనెను.