రోజాల సార్

పరిగిలో ఏ ఇంట్లో పెళ్లి పెట్టుకున్నా, ముహూర్తానికి ముందురోజు షామియానా వాళ్లకంటే ముందు ఒక పెద్దమనిషి దిగుతాడు. పెళ్లికొడుకు తరఫా, పెళ్లికూతురు తరఫా, ఎవరికీ తెలీదు. ఆయన పూల తరఫు. చేతిసంచిలో కొమ్మలు కత్తిరించే కత్తెర, రెండు నిమ్మకాయలు, చక్కెర పొట్లం, ఆస్పిరిన్ మాత్రల షీటు ఉంటాయి. పేరు చెప్పను. ఈ రకం మనిషి హిందూపురంలోనూ ఉన్నాడు, ధర్మవరంలోనూ ఉన్నాడు. రోజాల సార్ అంటే మీ ఊళ్లో ఎవరో మీకే తడుతుంది.

పూలపెట్టె బెంగళూరు నుంచి వస్తుంది. మూత తీయగానే సార్ తల లోపల పెట్టి, కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చి "ఆహా, తాజ్‌మహల్!" అంటాడు. తాజ్‌మహల్ అనేది హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల షెడ్లలో పండించే ఎర్ర రోజా రకం. ప్రేమికుల రోజుకు విమానాలెక్కి పరదేశాలకు పోయేది ఎక్కువగా అదే. పొడుగు కాడ, ఎక్కువ రోజులు నిలవడం, ఈ రెండిటికోసమే పెంచే ఇట్లాంటి రకాల్లో వాసన అంతంతమాత్రం. సార్ పీల్చింది అట్టపెట్టె వాసన. ఆ మాట ఎవరూ అనరు, పెద్దాయన కదా.

ఆ తర్వాత శస్త్రచికిత్స మొదలవుతుంది. "రేయ్ అబ్బీ, కాడ నీళ్లలో ముంచి, నీళ్లలోనే కొయ్యల్ల. ఏటవాలుగా. బయట కోస్తే గాలి దూరి కాడలో బుడగ అడ్డం పడతాది. ఇంక పువ్వు మెడ వాల్చేస్తాది." ఇది మాత్రం అక్షరాలా నిజం. నీటిమట్టం కిందికొచ్చే ఆకులు తీసేయమనడమూ నిజమే. ఆకులు కుళ్లితే బ్యాక్టీరియా పెరిగి కాడల గొట్టాలు మూసుకుపోతాయి, బకెట్ నిండా నీళ్లున్నా పువ్వు దాహంతో చస్తుంది. కళ్యాణమండపం కుర్రాళ్లు "సరే సార్" అంటారు. సార్ కాఫీకి వెళ్లగానే కట్టలకు కట్టలు కొడవలితో అడ్డంగా నరికి బకెట్లలో గుచ్చేస్తారు. ఆయన తిరిగొచ్చి చూసుకుని "చూడండి, ఎంత తేడా వచ్చిందో!" అని మురిసిపోతాడు.

నిమ్మకాయకూ అర్థముంది. మా పక్క బోరు నీళ్లు ఎట్లుంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పప్పు ఉడకనీయని ఆ నీళ్లు కాడలోకి మాత్రం సులువుగా ఎక్కుతాయా? కాస్త పులుపు పడితే సులువుగా ఎక్కుతాయి. చక్కెర పువ్వుకు తిండి. అయితే అది బ్యాక్టీరియాకు కూడా తిండే కాబట్టి రెండు చుక్కలు బ్లీచింగ్ కలపాలి. అది సార్ ఒప్పుకోడు, "పువ్వుకు బ్లీచింగా? పాపం కదప్పా!" అని ఆస్పిరిన్ మాత్ర వేస్తాడు. దానివల్ల పెద్ద ఫలితమున్నట్టు రుజువు లేదు, సార్‌కు మాత్రం ధైర్యంగా ఉంటుంది. రాగి పురుగుల్ని చంపుతుందని ఎక్కడో చదివి రూపాయి బిళ్ళ కూడా వేస్తాడు. ఇప్పటి రూపాయిలో రాగి ఎక్కడిది? అది ఉక్కు. పెళ్లి అయ్యాక ఆ బిళ్ళలు బకెట్లు కడిగే పిల్లోడివి.

ఉగ్రాణంలో అరటిగెలల పక్కన రోజాల బకెట్ కనబడితే ఆయనకు బీపీ లేస్తుంది. మాగే పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ అనే గాలికి పూలు తొందరగా రాలతాయని చెబుతాడు. వంటాయన గరిటె ఆపి, "పండ్లూ పూలూ ఒకచోట ఉండగూడదంటే పూజ ఎట్ల సార్?" అని అడుగుతాడు. సార్ దగ్గర జవాబు లేని ప్రశ్న అదొక్కటే.

రంగుల సంగతికొస్తే పసుపు రోజా ఇస్తే ఇంగ్లీషువాళ్ల పాత పుస్తకాల్లో అసూయ అనీ, ఇప్పుడు స్నేహమనీ వియ్యాలవారికి వివరిస్తాడు. పసుపు శుభమని పుట్టినప్పటినుంచీ తెలిసినవాళ్లు ఆయన్ని జాలిగా చూస్తారు. రష్యాలో సరిసంఖ్య పూలు చావింటికే ఇస్తారని (ఇదీ నిజమే) వేదిక మీది బొకేలో పన్నెండో పువ్వు పీకేస్తాడు. "మరి మన నూటపదహారు సరిసంఖ్యే కదా సార్?" అని ఎవరో పిల్లోడన్నాడు. "అది రూపాయిలకప్పా" అన్నాడు సార్. న్యాయంగానే తోచింది.

చరిత్రలోకి దిగితే ఆపేవాళ్లుండరు. 1443లో హెరాత్ నుంచి రాయబారిగా విజయనగరం వచ్చిన అబ్దుర్ రజాక్, అక్కడ సందుసందునా రోజాలు అమ్ముతున్నారనీ, జనానికి తిండి ఎంతో అవీ అంతే అవసరంలా ఉన్నాయనీ రాసిపెట్టాడు. "ఆ రోజాలన్నీ మన పెనుకొండవే!" అని సార్ తీర్మానం. రాజధాని పెనుకొండకు వచ్చింది తళ్లికోట యుద్ధం తర్వాత, అంటే 1565 దాటాక. మధ్యలో నూరేళ్లకు పైగా పోయాయంటే, "పువ్వులు ముందొచ్చాయి, రాజులు వెనకొచ్చారు" అంటాడు.

ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్‌గా చేసి, ఉద్యోగం ముందే వదిలి, కొడైకెనాల్‌లో కొత్త కొత్త రోజా రకాలు పుట్టించిన వీరరాఘవన్ గారిని ఈయన ఎన్నడూ కలవలేదు. అయినా "ఆయనా నేనూ ఒకటే లైను. ఆయన పుట్టిస్తాడు, నేను పోయేవరకు చూసుకుంటా" అంటాడు. తన పని గురించి ఇంత కచ్చితంగా చెప్పగలవాళ్లు తక్కువ.

పక్కింటావిడ వచ్చి పాప జడలోకి ఒక రోజా అడిగితే మాత్రం సార్ వణికిపోతాడు. రెండడుగుల కాడను రెండు వేళ్లంత చేసి పిన్నుతో గుచ్చేస్తారే అని ఆయన బాధ. ఆవిడ మాత్రం కాడ ఎవడిక్కావాలన్నట్టు చూస్తుంది.

ఈయన ఓడిపోయేది హిందూపురం బస్టాండు దగ్గర పూలమ్మే అక్క ముందు. ఆమె రోజాలకు కాడ లేదు, బకెట్ లేదు, నిమ్మకాయ లేదు. తడి గోనెపట్ట కప్పి, నీడన పెట్టి, అప్పుడప్పుడు నీళ్లు చల్లుతుంది, అంతే. పెద్ద వ్యాపారులు రెండు నుంచి నాలుగు డిగ్రీల చలిగదుల్లో చేసేదీ ఆ పనే, చల్లగా ఉంచి తేమ పోనీకపోవడం. సార్ ఆమెకు ఎథిలీన్ గురించి చెప్పబోతే, "పావు కిలోనా, అర కిలోనా సామీ?" అంది.

ఏమైనా మీ ఇంట్లో పెళ్లి ఉంటే ఆయన్ని తప్పకుండా పిలవండి. పూలు రిసెప్షన్ దాకా నిలుస్తాయి. రెండు బకెట్లు, చెరువు నీళ్లు ఇవ్వండి చాలు. మైకు మాత్రం ఆయన చేతికి పోనీయకండి.