ధర్నాచౌక్‌లో విలేఖరిని ఇలా పట్టాలి

తమ్ముడూ, కొత్తగా ఎస్సైవి. ఇందిరాపార్క్ దగ్గరి ధర్నాచౌక్‌లో బందోబస్తు పడింది. అక్కడ లాఠీలకంటే కెమెరాలు ఎక్కువ. కంగారుపడకు, నేను చెప్పినట్టు చెయ్యి.

1. ముందు నేమ్ ప్లేటు తీసి జేబులో వేసుకో. అరెస్టు చేసే పోలీసు పేరు స్పష్టంగా కనపడాలని డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 36వ సెక్షన్‌లోనూ ఉంది. ఎవరైనా అడిగితే పిన్ను ఊడిందని చెప్పు. పైన రెయిన్‌కోటు తొడుక్కో, మే నెలైనా సరే.

2. నీ పేరు దాచాక విలేఖరుల కార్డులు అడుగు. అసలు కిటుకు ఇక్కడే ఉంది, నిదానంగా చదువు. ఆఫీసు ఐడీ చూపిస్తే సమాచార శాఖ అక్రిడిటేషన్ ఏదని అడుగు. అది చూపిస్తే, "ఇది బస్ పాసుకు పనికొస్తుంది, ఇక్కడ కాదు" అను. రెండూ చూపిస్తే ఫొటోలో గడ్డం లేదు, నీకుంది అని పక్కన నిలబెట్టు. రోడ్డు మీద జరిగేది రాయడానికి, తీయడానికి అక్రిడిటేషన్ అక్కర్లేదన్న ముక్క మాత్రం నోరు జారకు. ఏ కార్డూ లేకుండా సెల్‌ఫోన్‌తో తీస్తున్న యూట్యూబ్ కుర్రాణ్ణి డీసీఎం వ్యాన్ ఎక్కించెయ్. బండి మీద 'ప్రెస్' స్టిక్కరేసుకున్న ప్లాట్ల బ్రోకరుకు దారి ఇవ్వు, సెల్యూట్ కూడా కొట్టు. స్టిక్కరు చదవడం తేలిక, మనిషిని విచారించడం కష్టం.

3. లాఠీచార్జికి ముందు మైకులో హెచ్చరించాలి. మైకు పట్టుకో, స్విచ్ వెయ్యకు.

4. విలేఖరి ఫోన్ లాక్కో. పంచనామా రాస్తూ కూర్చుంటే భోజనం వేళ దాటిపోతుంది. స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తీయాలంటుంది బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్, చార్జింగ్ అయిపోయిందను. వాడు తీసింది దగ్గరుండి డిలీట్ చేయించు. లైవ్ వెళ్తోందని వాడు మొత్తుకున్నా వినకు.

5. విలేఖరికి దెబ్బ తగిలితే "తోపులాటలో జరిగింది" అను. 2010 ఫిబ్రవరిలో ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులతోపాటు విలేఖరులకూ లాఠీ దెబ్బలు తగిలాయి. ఇన్నేళ్లయినా జనం మరిచిపోలేదు. అంత పేరు నీకూ రావాలి.

6. సాయంత్రానికి విలేఖరులే అదే చౌక్‌లో బైఠాయిస్తారు. పేరు దాచావు గానీ ముఖం అన్ని ఛానెళ్లలో వస్తుంది. విచారణ, మెమో, ఆపైన వీఆర్ (వేకెన్సీ రిజర్వ్). ఇంకేం కావాలి! స్టేషన్ డ్యూటీ లేదు, ఎండ లేదు, రోజూ హెడ్‌క్వార్టర్స్‌లో సంతకం పెట్టి ఫ్యాను కింద కూర్చోవచ్చు. నా మాట విను, రేపటి బందోబస్తులోనే మొదలుపెట్టు.