పొట్ట పోయింది, తోలు పోలేదు

లావుగా ఉన్నన్నాళ్లూ నన్ను పలకరించిన పాపాన పోలేదు ఎవరూ. చిక్కినాక కొండారెడ్డి బురుజు దగ్గర కనబడ్డ ప్రతివాడికీ నామీద జాలి. "ఏమన్నా, షుగరా? మొగం అట్ల పీక్కపోయిందే!" నడిబజార్లో చొక్కా ఎత్తి చూపలేను గానీ, పోయింది కొవ్వొక్కటే. పెళ్లివారు వెళ్లినా విప్పని షామియానాలా తోలు మొలతాడు మీద వేలాడుతోంది.

వరన్నం మాని కొర్రలు, అండు కొర్రలు, సామలు, అరికెలు, ఊదలకు దిగాను. వాటి సంగతి ఊరూరా చెప్పి 2023లో పద్మశ్రీ అందుకున్న ఖాదర్ వలి గారు మన ప్రొద్దుటూరు మనిషే. ఆయన మీద నాకు ఫిర్యాదేమీ లేదు. తిండి ఆయన పద్దు. తోలు ఎవరి పద్దో తేల్చాలన్నదే నా మనవి.

"పొట్టకు కసరత్తు చేయండి బావా" అంటాడు కడప వియ్యంకుడు. కసరత్తుకు కండ గట్టిపడుతుంది, పైతోలు కండ కాదే! ఆముదం రుద్దమంటుంది మా ఆవిడ. సాగిన చర్మాన్ని వెనక్కి లాగే కొలాజెన్, ఎలాస్టిన్ పోగులు ఏళ్ల తరబడి బిగదీస్తే దెబ్బతింటాయి, వయసు మీద పడితే మరీను. ఆముదం వాటిని మళ్లీ నేసిపెట్టదు.

ఇక ఎండాకాలం. చెమటంతా ఆ మడతలో చేరి, ఒరిసి, ఎర్రబడి మంట. రాయలసీమలో తడి ఆరని చోటు బహుశా ఇదొక్కటే.

దర్జీ టేపు పట్టుకుని నిలబడ్డాడు: "నిలబెట్టి కొలవాల్నా సార్, కూచోబెట్టి కొలవాల్నా?" రెండు కొలతలకూ మధ్య ఒక మనిషి పడతాడు.

ఆరోగ్య బీమా కాగితం తీశాను. బీఎంఐ 40కి చేరితే, లేదా 35కు చేరి పెద్ద జబ్బులుంటే, మరికొన్ని షరతుల మీద లావు తగ్గించే ఆపరేషనుకు డబ్బిస్తారట. నోరు కట్టుకుని సొంతంగా తగ్గినవాడు మిగిలిన తోలు కోయించుకుంటే మాత్రం అది సోకు! వైద్యానికి తప్పనిసరని డాక్టరు రాసివ్వాలి, లేదంటే ఖర్చు మనదే. అదీగాక, బరువు కొన్ని నెలలు నిలకడగా ఉంటేనే కత్తి పడతామంటారు. ఈ తుంటి నుంచి ఆ తుంటిదాకా కోత, గీత జన్మకంతా ఉంటుంది.

ఇదంతా విని మా అమ్మ వక్కాకు పక్కన పెట్టింది.

"కోసేదేందిరా! రేపు మళ్ల లావైతే తోలు యాడనుంచి తెస్తావు?"