నా రంగు ముందే వేశారు

నేను ఎక్స్-వింగ్‌ని. 1977 మే 25న అమెరికాలో విడుదలైన 'స్టార్ వార్స్' సినిమాలో తిరుగుబాటుదారులు నడిపిన నాలుగు రెక్కల అంతరిక్ష యుద్ధనౌకకు చిన్న నమూనాని. కథలో ఆ నౌక పొడవును 12.5 మీటర్లుగా చెబుతూ వచ్చారు. దాన్ని 112వ వంతుకు కుదిస్తే వచ్చే 11 సెంటీమీటర్ల ఆకారం నాది. రెవెల్ సంస్థ 'ఈజీకిట్' పేరుతో అమ్మిన తరహా కిట్‌ని: ముక్కలకు రంగు ముందే వేసి ఉంటుంది, జిగురు అక్కర్లేదు, పిన్నును రంధ్రంలో పెట్టి నొక్కితే చాలు. అందుకే నన్ను కట్టినవాళ్లకు ఒక ప్రశ్న తప్పదు. రంగూ నువ్వు వేయలేదు, జిగురూ నువ్వు పెట్టలేదు, ఇక నువ్వు కట్టిందేమిటి? ఈ ప్రశ్న అడిగేవాళ్లు కట్టడం అనే పనిని రంగు డబ్బాలో వెతుకుతున్నారు. అది ఉన్నది వేరే చోట.

నా వంశం సంగతి చూడండి. సినిమా కోసం 1975లో దాని దర్శకుడు జార్జ్ లూకస్ కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే సంస్థను నెలకొల్పాడు. నా తొలి రూపాన్ని కాలిన్ కాంట్‌వెల్ ఊహించాడు, జో జాన్‌స్టన్ దానికి మెరుగులు దిద్దాడు. అక్కడి పనివాళ్లు దుకాణాల్లో దొరికే యుద్ధ ట్యాంకుల, విమానాల, కార్ల కిట్లు కొని, వాటిలోని చిన్న చిన్న భాగాలు ఏరి నౌకల ఒంటికి అతికించారు. తెర మీద అంతరిక్ష యంత్రాంగంలా కనిపించేదాంట్లో చాలా భాగం ఎవరో ఎప్పుడో ట్యాంకు కోసం అచ్చుపోసిన ప్లాస్టిక్. ముక్కలు తాము పోయలేదు కాబట్టి వాళ్లు నౌకల్ని కట్టలేదని ఎవరూ అనలేదు. ఏ ముక్క ఎక్కడ నిలవాలో తేల్చడమే వాళ్ల పని, ఆ పనిలోనే వాళ్ల నైపుణ్యం ఉంది. రంగు సంగతీ అంతే. నా రెక్కల మీది ఎర్ర చారలు ఎవరి కుంచె సరదాకో పుట్టినవి కావు. ఆ రోజుల్లో నమూనాలను నీలి తెర ముందు పెట్టి చిత్రీకరించి, నీలం ఉన్న చోటల్లా ఆకాశాన్ని చేర్చేవారు. నౌక మీద నీలి గుర్తులుంటే అవీ తెరతోపాటు మాయమయ్యేవి. అందుకే మొదట నీలి దళంగా అనుకున్న ఈ నౌకల బృందం సినిమాలో ఎర్రదళమైంది. అంటే నాకు రంగు వేసే ఏ చెయ్యి అయినా, కారఖానాదైనా ఇంటిదైనా, కెమెరా అవసరం తేల్చిన నిర్ణయాన్నే తిరిగి గీస్తుంది.

రంగు ముందే ఉండటం వల్ల పని అంతా తేలికైపోతుందన్న మాటా పూర్తిగా నిజం కాదు. నా పుట్టుక ఉక్కు అచ్చులో. ప్లాస్టిక్ గుళికలను కరిగించి, గట్టి ఒత్తిడితో అచ్చులోకి పంపి, చల్లార్చి బయటికి తీస్తారు. సన్నటి గీతలూ గుర్తులూ మెత్తని సిలికాన్ దిండుతో సిరా ఎత్తి అద్దుతారు. ప్లాస్టిక్ లోపలికి పారిన సన్నని కాడ చాలా ముక్కలకు అలాగే ఉండి, వాటిని చట్రానికి పట్టి ఉంచుతుంది. రంగు లేని కిట్‌లో ఆ కాడను మొరటుగా కోసినా దారి ఉంది: పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, పైన రంగు వేస్తే మచ్చ కనబడదు. నా విషయంలో ఆ దారి మూసుకుపోయింది. కోత జారితే రంగు కింది ప్లాస్టిక్ తెల్లగా బయటపడుతుంది, రుద్దితే పక్కనున్న చార కూడా చెరిగిపోతుంది. తప్పును దాచే చివరి పొర నాకు లేదు, కాబట్టి మొదటి కోతే సరిగా పడాలి. ఈ ఒక్క విషయంలో రంగు లేని కిట్టు కంటే నేనే కఠినం.

అతుకు కూడా ఇలాంటిదే. జిగురు ఆరేలోగా ముక్కను కాస్త జరుపుకోవచ్చు. నా పిన్ను ఒకసారి బిగుసుకుంటే మళ్లీ ఊడదీయడానికి బలం వాడాలి, ఆ బలానికి పిన్నే విరగవచ్చు. పైగా నాకు నాలుగు రెక్కలు. ఎడమ పైరెక్క, కుడి కిందిరెక్క చూపుకి ఒకే రకంగా ఉన్నా చోట్లు వేరు. నన్ను ముక్కువైపు నుంచి చూస్తే నాలుగూ సమంగా విచ్చుకుని ఇంటూ గుర్తులా నిలవాలి. ఒక్క రెక్క వెంట్రుకవాసి పైకి లేచినా ఆ గుర్తు వంకరపోయి దూరానికే తెలిసిపోతుంది. నొక్కే ముందు ముక్కను తిప్పి చూడటం, దాని ఎదురు ముక్కను మనసులో ఊహించుకోవడం, ఏది ముందో ఏది తరువాతో తేల్చుకోవడం: కట్టడం అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తోసిపుచ్చను. కుంచె పట్టడం, రంగును తగినంత పలచన చేయడం, పొర మీద పొర వేసి యుద్ధంలో మాసిన లోహంలా చూపించడం గొప్ప విద్య. దాన్ని నేను నేర్పలేను. కానీ స్ప్రే రంగుకు గాలి ఆడే గది కావాలి, ఖరీదైన సరంజామా కావాలి, వణకని చెయ్యి కావాలి. ఇవి లేనివాళ్లకు ఆకారాన్ని అర్థం చేసుకునే ఆనందం కూడా దక్కకూడదనడం న్యాయం కాదు. పైగా నాతో ఆ తలుపు మూసుకుపోలేదు. పలచని నల్లరంగును నా గీతల్లోకి పారించి, పైపైన తుడిచి చూడండి. పెన్సిలు ముల్లు పొడిని ఇంజన్ల అంచులకు వేలితో రాయండి. కారఖానా వదిలేసిన చోట మీ పని మొదలవుతుంది.

కాబట్టి నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లకు నా విన్నపం ఇది. కాడను ఒక్క దెబ్బకు కోయవద్దు. కొంచెం వదిలి కోసి, మిగిలింది రెండోసారి నెమ్మదిగా తీయండి. నొక్కే ముందు ప్రతి ముక్కనూ వదులుగా పెట్టి చూసుకోండి. రెక్కల చివర ఉండే నాలుగు సన్నని తుపాకీ గొట్టాలను మాత్రం అన్నిటికన్నా చివర బిగించండి, విరిగితే ముందు విరిగేవి అవే.